చేతిపనికి చదువు తోడు కావాలి

(కర్నూలు వన్ టౌన్‌లో మన సంఘం వారు నెలకొల్పిన వృత్తి శిక్షణ కేంద్రం ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం. సావనీరు కోసం కొద్దిగా సవరించి వ్రాసినది.)

 

నేను రోజూ ఉర్దూలో పాఠం చెప్పేవాణ్ని. ఇరవై ఏళ్ల నుంచి భౌతికశాస్త్రం ఉర్దూలోనే చెప్తున్నాను. ఈ రోజు తెలుగులో మాట్లాడుతున్నానంటే కారణం ఉన్నది. ఈ కేంద్రంలో చేరినవాళ్లలో ఉర్దూ చదివినవాళ్లున్నారు, తెలుగు బడిలో చదివిన మన దూదేకుల సోదరుల పిల్లలున్నారు, పక్క వీధి హిందూ సోదరుల పిల్లలు కూడా ఉన్నారు. అందరికీ అర్థం కావాలి. పైగా రేపు మన పిల్లవాడు పనికి వెళ్లే ఇల్లు తెలుగు ఇల్లే. అక్కడ మాట్లాడవలసిన భాషలో ఇక్కడే మొదలు పెడదామని నా ఉద్దేశం. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మా పిల్లలు దిద్దుతూనే ఉంటారు.

మన ఊరికి ఇలాంటి పనులు కొత్త కాదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఇక్కడ ఉస్మానియా కళాశాలను స్థాపించారు. ఆ రోజుల్లో కాలేజీ చదువంటే దూరాభారం. ఆ కాలేజీ వల్ల ఎన్ని ఇళ్లలో దీపం వెలిగిందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. అయితే కాలేజీ దాకా రాని పిల్లల సంగతేమిటి? ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి మెకానిక్ షెడ్డులో, వైండింగ్ షాపులో, మేస్త్రీ దగ్గర చేరినవాళ్ల సంగతేమిటి? ఈ కేంద్రం వాళ్ల కోసం.

ముందుగా ఒక సంఘటన చెప్తాను. అది నా తప్పు గురించి. సంబంధించిన అబ్బాయి అనుమతి తీసుకునే చెప్తున్నాను. అతని పేరు చెప్పను.

నా దగ్గర తొమ్మిదో తరగతి వరకు చదివాడు. తండ్రికి ఆరోగ్యం బాగాలేక మానేసి ఒక కరెంటు పనివాని దగ్గర చేరాడు. తెలివైనవాడు. నేను కరెంటు పాఠం చెప్పినప్పుడు బోర్డు మీద బొమ్మ అందరికంటే శుభ్రంగా వేసేవాడు. బ్యాటరీ, బల్బు, స్విచ్చు, తీగ. మార్కులు కూడా బాగానే వచ్చేవి. 2018 మే నెలలో ఒక ఇంట్లో కూలర్ బాగుచేయడానికి ఒక్కడే వెళ్లాడు. మన ఊరి మే నెల ఎండ మీకు తెలుసు, ఆ నెలలో కూలర్ మెకానిక్కులకు అన్నం తినే తీరిక ఉండదు. ఇనుప కూలర్, కింద నీళ్ల తడి. స్విచ్చు ఆపి చెయ్యి పెట్టాడు. పట్టేసింది. ఆ ఇంటి తల్లి పరుగెత్తి మెయిన్ ఆపింది కనుక ప్రాణం దక్కింది. కుడి చేతి రెండు వేళ్లు ఈ రోజుకూ వంగవు.

ఆసుపత్రిలో చూడటానికి వెళ్లాను. ఉర్దూలో అతనన్న మాట తెలుగులో చెప్తున్నాను. "సార్, నేను స్విచ్ ఆపాను. ఆపితే కరెంటు పోతుంది కదా, మీరే చెప్పారు."

ఏమి జరిగిందంటే, ఆ ఇంట్లో వైరింగు చేసినవాడు స్విచ్చును ఫేజు తీగ మీద పెట్టకుండా న్యూట్రల్ తీగ మీద పెట్టాడు. స్విచ్చు ఆపితే మోటారు ఆగుతుంది. కానీ మోటారు దాకా ఫేజు వచ్చే ఉంటుంది. లోపల తీగ పూత చెడిపోయి ఇనుప డబ్బాకు తగులుతున్నది. ఆ కూలర్‌కు ఎర్త్ తీగ లేదు. కరెంటుకు భూమిలోకి పోయే దారి మా పిల్లవాని చెయ్యి అయింది. జేబులో టెస్టర్ ఉంది. స్విచ్చు ఆపాను కదా అని పెట్టి చూడలేదు.

ఇంటికి వచ్చి నా పాఠ్యపుస్తకం తీసి చూసుకున్నాను. బ్యాటరీతో వేసే బొమ్మలో స్విచ్చును బల్బుకు ఇటు పెట్టినా అటు పెట్టినా ఒకటే. నేను అట్లాగే చెప్పాను. అది తప్పు కాదు. కానీ ఇంట్లో కరెంటుకు అది చాలదు, ఇంట్లో స్విచ్చు ఫేజు మీదే ఉండాలి అని నేను ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్క తరగతికీ చెప్పలేదు. అతని ఉస్తాదూ చెప్పలేదు. ఉస్తాదుకు పని తెలుసు, కారణం తెలియదు. నాకు కారణం తెలుసు, పని తెలియదు. మా ఇద్దరి మధ్య ఆ పిల్లవాని చెయ్యి పోయింది.

ఈ కేంద్రం ఎందుకు కావాలి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. ఆ ఉస్తాదూ ఈ మాస్టరూ ఒకే గదిలో కూర్చోవాలి.

మన దీన్‌లో చేతిపనికి ఉన్న గౌరవం గురించి ఉలమాలు నాకంటే బాగా చెప్తారు. దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేసి తన చేతి సంపాదన తినేవారు. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగం చేసేవారు. నూహ్ అలైహిస్సలాం ఓడ కట్టారు. ఇవి మనమందరం జుమా ప్రసంగాల్లో విన్నవే. కానీ ఒక హదీసు నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది.

ఒక అన్సారీ వ్యక్తి సహాయం అడగడానికి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరకు వచ్చాడు. ఇంట్లో ఏముందని ఆయన అడిగారు. ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర తప్ప ఏమీ లేవన్నాడు. వాటిని తెప్పించి అక్కడే వేలం వేశారు. రెండు దిర్హమ్‌లు వచ్చాయి. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దిర్హమ్‌తో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి పిడిని తన స్వహస్తాలతో బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనపడవద్దు అన్నారు. అతడు తిరిగి వచ్చేసరికి పది దిర్హమ్‌లు సంపాదించాడు.

దీన్ని నేను ఒక ఉపాధ్యాయుడిగా చూస్తాను. ఇందులో ఒక శిక్షణ కేంద్రానికి కావలసినదంతా ఉన్నది. మొదట ఇంట్లో వాళ్ల తిండి చూశారు. తర్వాత పనిముట్టు. అది అతని సొంత సొమ్ముతో కొన్నది, కనుక అతని తల వంగలేదు. పిడి బిగించిన చెయ్యి పెద్దవారిది. ఆ తర్వాత గడువు. గడువు తీరాక లెక్క. మనం చాలాచోట్ల గొడ్డలి ఇస్తాం, ఫోటో తీయించుకుంటాం. పదిహేను రోజుల తర్వాత లెక్క అడగం.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మన కళ్ల ముందే కొన్ని కేంద్రాలు వచ్చాయి, పోయాయి. పేర్లు అనవసరం. ఒక చోట కుట్టు మిషన్ల మీద కవరు కూడా తియ్యలేదు. ఒక చోట తరగతి జరగకుండా సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. ఆ సర్టిఫికెట్ పట్టుకొని నా విద్యార్థి ఒకడు ఉద్యోగానికి వెళితే, ప్లంబింగులో ఎల్బో అంటే ఏమిటి, టీ అంటే ఏమిటి అని అడిగారట. వాడు తిరిగొచ్చి సర్టిఫికెట్‌ను పెట్టెలో పెట్టాడు. మన కేంద్రం ఆ దారిన పోకూడదు.

2005లో భారత ప్రభుత్వం జస్టిస్ రాజిందర్ సచార్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2006 నవంబరులో నివేదిక వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద అక్షరాస్యత నూటికి 65 అయితే ముస్లింలలో 59 అని అందులో ఉన్నది. దానికంటే ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. నెల జీతం ఉద్యోగాల్లో మనవాళ్లు తక్కువ, సొంత చేతిపని మీద, చిన్న వ్యాపారం మీద బతికేవాళ్లు ఎక్కువ. దీన్ని విని బాధపడేవాళ్లున్నారు. నేను ఒక్క బాధే పడను. పని మన చేతుల్లో ఉన్నదన్న మాట. ఆ పనికి తగిన చదువు, కాగితం, కూలి మన చేతుల్లో లేవన్న మాట. ఆ మూడూ సంపాదించవచ్చు.

చదువు సంగతి చూడండి. మా తరగతిలో మూడు బై ఎనిమిది అంటే తల గోక్కునే పిల్లవాణ్ని నేనెరుగుదును. వాడే సెలవుల్లో మేస్త్రీ దగ్గర మూడు సూత్‌ల కంబీ తీసుకురమ్మంటే సరిగ్గా తెస్తాడు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. మూడు సూత్‌లంటే మూడు బై ఎనిమిది అంగుళమే. సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, అందుకే కంపెనీ కంబీ పది మిల్లీమీటర్లని వస్తుంది. వాడికి లెక్క వచ్చు. వచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. అట్లాగే కరెంటు. ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ 230 వోల్టుల మీద ఎంత కరెంటు లాగుతుంది? 1500ను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఆ భాగాహారం వస్తే దానికి ఏ తీగ వెయ్యాలో, ఏ ఎంసీబీ పెట్టాలో అర్థమవుతుంది. లైట్లకు వేసే ఒకటిన్నర స్క్వేర్ తీగ మీద ఏసీ నడిపితే గోడలోపల ఏమవుతుందో అర్థమవుతుంది. ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ ఇంట్లో ఉండి ఉంటే, కరెంటు చేతిలోంచి భూమిలోకి పారడం మొదలైన క్షణంలోనే అది పడిపోయేది. మా అబ్బాయి వేళ్లు మిగిలేవి.

ఇక భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకుముందు సంవత్సరమే దారుల్ తర్జుమా పెట్టి శాస్త్ర పదాలన్నిటికీ ఉర్దూ మాటలు తయారు చేశారు. మన భాషలో ఇంజనీరింగు, వైద్యం కూడా చెప్పారు. అది మనకు గర్వకారణం. నేను కూడా తరగతిలో కరెంటును బర్ఖీ రౌ అంటాను, రెసిస్టెన్స్‌ను మజాహమత్ అంటాను, వాహకాన్ని మోసిల్ అంటాను. అర్థం పిల్లవాని మనసులో దిగాలంటే తల్లి భాషను మించినది లేదు. కానీ షాపులో మజాహమత్ అంటే ఏమిస్తారు? డబ్బా మీద ఆ మాట ఉండదు. అర్థం తెలిసిన పిల్లవాడు కూడా మాట తెలియక వెనక నిలబడతాడు. తెలుగు బడి పిల్లవానికీ ఇదే ఇబ్బంది. నిరోధం, బంధకం అని చదివి వచ్చి డబ్బా ముందు నిలబడతాడు.

అందుకని ఈ కేంద్రంలో ప్రతి గదిలో ఒక పెద్ద బోర్డు పెట్టమని కార్యవర్గాన్ని కోరాను, ఒప్పుకున్నారు. అందులో మూడు వరుసలు. ఒక వరుస ఉర్దూ మాట, ఒక వరుస తెలుగు మాట, ఒక వరుస బజారులో వాడే మాట. వారానికి పది మాటలు. ఆరు నెలలు తిరిగేసరికి ఇరవై ఆరు వారాలు, రెండు వందల అరవై మాటలు. ఎలక్ట్రీషియన్ పనికి అంతకంటే పెద్ద నిఘంటువు అక్కరలేదు. ఆ బోర్డు వ్రాసే పని నాది. జీతం అక్కరలేదు.

కాగితం సంగతి. దేశంలో ఐటిఐ శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. మన కేంద్రం ఐటిఐ కాదు, ఆ సంగతి దాచవద్దు. మన దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నవాడు ఐటిఐకి పోగలిగితే పంపించడమే మన విజయం. ఇప్పటికే ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లకు, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ప్రభుత్వ పథకాల్లో ఉన్నది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. దర్జీ, తాపీ, వడ్రంగం, కమ్మరం, క్షౌరం, తాళాల పని అన్నీ ఉన్నాయి. పనిముట్ల కోసం పదిహేను వేల రూపాయల వరకు సాయం ఉన్నది. అందులో వడ్డీ అప్పు కూడా ఉన్నది. ఆ విషయంలో ఎవరి నిర్ణయం వారిది, ఉలమాలను అడగండి. కానీ శిక్షణ, పనిముట్ల సాయం అప్పు కాదు. తెలియక దాన్ని కూడా వదులుకోవద్దు.

గల్ఫ్ వెళ్లాలనుకునే తండ్రులకు ఒక మాట. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఇసిఆర్ తరగతిలోకి వస్తుంది. ఎంత పని వచ్చినా క్లియరెన్స్ కోసం తిరగాలి. హెల్పర్‌గా వెళ్లినవాడు హెల్పర్‌గానే తిరిగొస్తాడు. అందుకని బడి మానేసిన ప్రతి శిక్షణార్థి చేత ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టించాలి. ఉదయం పని, సాయంత్రం శిక్షణ, ఆదివారం పదో తరగతి పాఠాలు. కష్టమే. కానీ ఇది రెండు సంవత్సరాల కష్టం, లేకుంటే జీవితాంతం కష్టం.

మన ప్రాంతంలో పని లేదనే మాట నిజం కాదు. ఓర్వకల్లు, గని, శకునాల వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఇప్పుడు ఊళ్లో ఇళ్ల మీద కూడా సోలార్ పలకలు ఎక్కుతున్నాయి. ఆ పలకలు బిగించేవాడు, తీగ కలిపేవాడు, కడిగి చూసుకునేవాడు కావాలి. పలక మీద ఎండ పడుతున్నంతసేపు అందులో కరెంటు ఉంటుంది, స్విచ్చు ఆపినా ఉంటుంది. మళ్లీ అదే పాఠం. నేర్చుకున్నవాడే ఎక్కాలి.

అక్కచెల్లెళ్లకు రెండు మాటలు. కుట్టు నేర్పితే చాలు, స్త్రీలకు చేసినట్టే అని మనం అనుకుంటాం. కుట్టు మంచిదే. 2009 అక్టోబరు వరదలో మన ఊరు మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో కుట్టు మిషనే మొదట బురద కడిగి నిలబెట్టిన వస్తువు. కానీ కుట్టు వచ్చినవాళ్లు వీధికి పది మంది ఉన్నారు. మన ఇళ్లలో జర్దోజీ, మగ్గం పని వచ్చిన చేతులున్నాయి. ఈ రోజు ఏ తెలుగు పెళ్లి చూసినా మగ్గం పని జాకెట్టు లేకుండా లేదు. ఆ జాకెట్టుకు షాపువాడు పెళ్లివారి దగ్గర తీసుకునేది ఎంత, రాత్రంతా దీపం కింద కూర్చున్న మన అమ్మాయికి ఇచ్చేది ఎంత? ఆ తేడాను పని నేర్పి తగ్గించలేం. లెక్క నేర్పి తగ్గించగలం. ఎన్ని గంటలు పట్టింది, పూసలకు, దారానికి ఎంతయింది, గంటకు నా కూలి ఎంత అని కాగితం మీద వ్రాసుకోవడం నేర్పాలి. బిల్లు వ్రాయడం, ఫోన్లో డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడం నేర్పాలి. కంప్యూటర్ తరగతిలో కూడా వాళ్లకు సగం సీట్లు ఉంచాలని నా మనవి. వేళలు పగటి పూట, బోధించేది ఆపాలు, రాకపోకలకు తోడు. ఈ మూడూ కుదిరితే పంపించని తండ్రి ఉండడు. కుదరకపోతే తండ్రిని నిందించి లాభం లేదు.

చివరిగా నాలుగు కోరికలు.

తల్లిదండ్రులకు. ఆరు నెలలు పిల్లవాని రోజు కూలి ఇంటికి తగ్గవచ్చు. ఆ నష్టం చిన్నది కాదని నాకు తెలుసు, మా ఇంట్లో కూడా ఆ రోజులు గడిచాయి. అయినా మధ్యలో మాన్పించవద్దు.

స్థితిపరులకు. హదీసులో మొదటి దిర్హమ్ ఇంటి తిండికి పోయింది. జకాత్‌కు హక్కున్న కుటుంబాల పిల్లలు ఇందులో ఎంతమంది ఉన్నారో సంఘం దగ్గర జాబితా ఉంటుంది. ఉలమాల సలహాతో వాళ్ల ఇంటి ఖర్చుకు ఆరు నెలలు ఆసరా ఇవ్వండి. భవనానికి ఇచ్చినవారి పేరు రాయి మీద ఉంటుంది. దీని పేరు ఎక్కడా ఉండదు, అయినా ఇవ్వండి.

ఊరి ఉస్తాదులకు. మీరు లేకుండా ఈ కేంద్రం పుస్తకాల గది అవుతుంది. వారానికి ఒక్క రోజు రండి. మీరు పని చూపించండి, మేము కారణం చెప్తాం. మీ దగ్గర నేర్చుకున్న పిల్లవాడు మీకు పోటీ అవుతాడని భయపడవద్దు. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్.

కార్యవర్గానికి. ఒక రిజిస్టరు పెట్టండి. ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, ఏడాది తర్వాత ఎవరు ఏ పనిలో ఎంత సంపాదిస్తున్నారు. అది వచ్చే ఏడాది సావనీరులో అచ్చు వేయండి. లెక్క బాగుంటే సంతోషిద్దాం. బాగా లేకపోతే అది కూడా వేయండి, ఎక్కడ తప్పిందో కూర్చొని చూద్దాం. పదిహేను రోజుల తర్వాత లెక్క చెప్పడం సున్నత్.

నేను మొదట చెప్పిన అబ్బాయి ఈ రోజు ఈ సభలో ఉన్నాడు. సాయంత్రం తరగతికి పేరిచ్చాడు. వేళ్లు వంగని చేత్తో నేర్చుకోగలవా అని అడిగాను. నేర్చుకోవడం ఒకటే కాదు సార్, కొత్తగా వచ్చేవాళ్ల ముందు మొదటి రోజు నా చెయ్యి చూపిస్తాను, టెస్టర్ పెట్టకుండా ఎవడూ తీగ ముట్టడు అన్నాడు. ఈ కేంద్రంలో మొదటి పాఠం అతనిదే. రెండో పాఠం నాది. స్విచ్చు ఏ తీగ మీద ఉండాలో ఈసారి మరచిపోకుండా చెప్తాను.

 అల్లాహ్ ఈ పనిలో బర్కత్ ఇవ్వాలని దుఆ చేయండి.

ఖుదా హాఫిజ్. జై హింద్.